కాటా వైరు పక్క కన్నంలో పెడితే గిరాకీ పోవాలా?

ఇప్పుడే చేతికొచ్చిన గిరాకీ పోయింది. ఒళ్లు మండిపోతోంది, అందుకే రాస్తున్నా.

మాది పలాసలో చిన్న జీడిపప్పు కొట్టు. ట్రైన్‌కి పది నిమిషాల ముందు హడావుడిగా వచ్చేవాళ్లే మాకు అన్నం పెడతారు. మధ్యాహ్నం ఒకాయనొచ్చి గుండు పప్పు రెండు కిలోలు అడిగాడు. కాటా మీద పెట్టాను. కాటాలో 2.000. కంప్యూటర్ బిల్లులో 0.000. తీసి మళ్లీ పెట్టాను, సున్నా. కాటాని ఒకటి తట్టాను, సున్నా. "ఏటి బాబూ, బండెల్లిపోద్ది" అంటున్నాడాయన. చేత్తో రాసిస్తానంటే వద్దు, ఆఫీసులో చూపించాలి, కంప్యూటర్ బిల్లే కావాలట. చివరికి పప్పు అక్కడే వదిలేసి బ్యాగు భుజానేసుకుని పరుగు.

జరిగింది ఇంతే. పొద్దున కుర్రాడు బల్ల తుడుస్తూ కాటా వైరు పీకి, తిరిగి కంప్యూటర్‌కున్న పక్క యూఎస్‌బీ కన్నంలో పెట్టాడు. అదే కంప్యూటరు, అదే కాటా, అదే వైరు. అంగుళం జరిగింది. విండోస్ దాన్ని ఎవరో కొత్త చుట్టం అనుకుని, ఇలాంటి వైర్లకి తను పెట్టుకునే కామ్ నంబరు మార్చి, కామ్ 3 బదులు కామ్ 7 అని పేరు పెట్టింది. మా బిల్లింగ్ ప్రోగ్రామేమో, పెళ్లివారు ఒకటో నంబరు ప్లాట్‌ఫాం మీద దిగితే మూడో నంబరులో దండలు పట్టుకుని నిలబడ్డట్టు, కామ్ 3 దగ్గరే కాపలా.

హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ చేసే మా బామ్మర్దికి ఫోన్ చేస్తే పాఠం మొదలెట్టాడు. "బావా, నీ వైరులో ఉన్న చిప్‌కి సీరియల్ నంబరు లేదు. ఉంటే ఏ కన్నంలో పెట్టినా గుర్తుపడుతుంది. లేకపోతే కన్నాన్ని బట్టే పేరు." ఆహా! మొహం చూడరు, ఏ గుమ్మంలోంచి వచ్చావో చూస్తారన్నమాట. మరి నంబరు లేకుండా అమ్మినవాణ్ణి ఏమనాలిరా అంటే సమాధానం లేదు. "పాత కన్నంలోనే పెట్టు బావా" అన్నాడు. పెట్టాను. అయినా సున్నానే! పొద్దున వైరు పీకేటప్పటికే ప్రోగ్రాం తెరిచి ఉందట, ఆ పాత కనెక్షన్నే ఇంకా పట్టుకు కూర్చుందట. వైరు ఊడగానే డ్రైవరు, అంటే ఆ వైరుతో మాట్లాడే చిన్న ప్రోగ్రాం, ఆ సంగతి చెప్పాలి, బిల్లింగ్ ప్రోగ్రాం విని పాతది వదలాలి, అప్పుడుగానీ డ్రైవరు ఆ ఖాతా మూయదు. మనవాడు వినడు, వదలడు. విండోస్‌లాంటిదే ఇంకోటి, లైనక్స్‌లోనూ అంతేనట, పాతది వదలకపోతే అక్కడి కామ్ పేరు టీటీవై యూఎస్‌బీ 0 కాస్తా 1 అయి కూర్చుంటుందట.

బుర్రంతా ఆ యూఎస్‌బీ ప్లగ్గు చేసినవాడికే ఉంది. పెన్‌డ్రైవ్ మొన తిప్పి చూడండి. లోపల నాలుగు రేకులు, ఆ చివరా ఈ చివరా ఉన్నవి కాస్త పొడుగు. పెట్టేటప్పుడు కరెంటు ముందు తగలాలి, డేటా తర్వాత. పీకేటప్పుడు డేటా ముందు తెగాలి. జనం పీకుతారు, పెడతారు అని 1996లోనే వాళ్లకి తెలుసు. డ్రైవరు రాసేవాళ్లకే ఎవరూ చెప్పలేదు కాబోలు. 1998లో బిల్ గేట్స్ పక్కనుండగానే స్టేజీ మీద విండోస్ 98కి స్కానర్ తగిలిస్తే నీలం తెర పడి కంప్యూటర్ ఆగిపోయింది. అందరూ నవ్వారట. నవ్వరూ మరి, వాళ్లకేమైనా ట్రైన్ టైమైపోతోందా!

అసలు మన దగ్గర అన్నిటికీ ఇదే రోగం. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మా జీడితోట పడగొట్టాక నేను రెండేళ్లు హైదరాబాద్ పనికెళ్లాను. తిరిగొస్తే వీధికుక్క కూడా గుర్తుపట్టి తోకూపింది. రేషన్ కార్డులో మాత్రం నా పేరు లేదు. "మీరు ఊళ్లో లేరు కదండీ" అన్నాడు గుమస్తా. ఇప్పుడున్నాను కదయ్యా, నీ ఎదురుగానే నిలబడ్డాను కదా! కుదరదు, కొత్తగా అప్లై చేసుకో. మా ఉద్దానం ప్రాంతంలో వలస పోని ఇల్లెక్కడుంది? మమ్మల్నీ పీకారు, పెట్టారు, కామ్ 7 అయిపోయాం.

బామ్మర్దికి ఇదే చెబితే "బావా, నువ్వు టాపిక్ మారుస్తున్నావ్" అంటాడు. వాడికేం, వాడి పేరు కార్డులో ఉంది.

సరే, ప్రోగ్రాం మూసి తెరిచాక 2.000 వచ్చింది. కొనేవాడు లేడు. ఆ కన్నం పక్కన ఎర్ర స్టిక్కర్ అంటించి "ముట్టుకోవద్దు" అని పెద్దక్షరాలతో రాశాను. ఇది టైప్ చేస్తూ ఇప్పుడే తలెత్తి చూశాను. కాటా వైరు వేలాడుతోంది. ఆ కన్నంలో మా అమ్మ ఫోను ఛార్జింగ్ అవుతోంది.