‘అన్నీ కలిసే ఉంటాయి సార్’ గారికి ఒక బహిరంగ లేఖ

అయ్యా,

నమస్కారం. ఏ ఊళ్లో అక్వేరియం షాపుకెళ్లినా ముందు ఎదురొచ్చేది తమరే. ఓనర్ ఫోన్లో ఉంటాడు, కుర్రాడు నెట్ పట్టుకుని రెడీగా ఉంటాడు, కస్టమర్ ఇంకా "ఇది దాంతో..." అని నోరు తెరవకముందే కుర్రాడి నోట్లోంచి తమరు దిగిపోతారు. ఏంజిల్‌తో నియాన్ టెట్రా? ఏం కాదు సార్. గోల్డ్ ఫిష్‌తో టైగర్ బార్బ్? ఏం కాదు మేడమ్, అన్నీ కలిసే ఉంటాయి. రేపు ఎవరైనా మొసలిని అడిగినా తమరు కాదనరు, చిన్న సైజు తీసుకోండి అంటారంతే.

అలాగని తమరు అబద్ధమాడతారని అనను. షాపు ట్యాంకులో నిజంగానే అన్నీ కలిసే ఉంటాయి, కళ్ల ముందే కనిపిస్తుంటే కాదని ఎలా అంటాం. కాకపోతే అవన్నీ అంగుళం అంగుళంన్నర పిల్లలు, చాలావరకు చెన్నై కొళత్తూరు వైపు నుంచి కవర్లో ఆక్సిజన్ కొట్టించుకుని రాత్రంతా ప్రయాణం చేసొచ్చినవి, వాటికింకా తల తిరుగుడే తగ్గలేదు, పైగా అంతమందిని ఒకే ట్యాంకులో కుక్కితే ఇది నా జాగా అనుకోడానికి జానెడు చోటుండదు, ఒకవేళ దొరికినా అనుకునేలోపు అమ్ముడైపోతాయి. అదే చేప మనింటికొచ్చి రెండడుగుల ట్యాంకులో ప్లాస్టిక్ కోట చూసిందా, ఇక కోట దాని పేరు మీద రిజిస్ట్రేషన్ అయిపోయినట్టే. ఏంజిల్, ఆస్కార్ లాంటి సిక్లిడ్ జాతి చేపలకి ఈ కబ్జా బుద్ధి పుట్టుకతోనే వస్తుంది, కోట తర్వాత కోట ముందున్న గులకరాళ్లు, ఆ తర్వాత మొత్తం ట్యాంకు.

ఏంజిల్ సంగతే చూడండి. అమ్మినప్పుడు రూపాయి బిళ్లంత, కొన్ని నెలల్లో అరచేతంత. నియాన్ మాత్రం ఎంత పెరిగినా మూడు నాలుగు సెంటీమీటర్లే. ఒక రాత్రి లైటాపి పడుకుంటే పొద్దున లెక్క తగ్గుతుంది, ఇంట్లోవాళ్లు ట్యాంకు వెనకాల, సోఫా కింద వెతుకుతారు పాపం. ఏంజిల్‌ని తిట్టి లాభం లేదు, అమెజాన్‌లో వాళ్ల తాతల కాలం నుంచీ మెనూలో చిన్న చేపలున్నాయి. ఆస్కార్‌కైతే ఆ మొహమాటం కూడా లేదు, నోట్లో పట్టిందల్లా టిఫినే. అప్పుడు తమరి మాటే నిజమవుతుంది, అన్నీ కలిసే ఉంటాయి, దాని కడుపులో.

టైగర్ బార్బ్ దగ్గర తమరు ఇంకో మెట్టు ఎక్కుతారు, "జత తీసుకోండి సార్, బాగుంటాయి" అని. జత మనుషుల సెంటిమెంటండీ. వాటికి ఎనిమిదో పదో ఉంటే వాటిలో అవే తరుముకుంటూ బిజీగా ఉంటాయి, రెండే ఉంటే పనీపాటా లేక గప్పీ తోకల మీద, ఏంజిల్ కిందకి వేలాడే పోగుల మీద పడతాయి.

ఇక సక్కర్. ఏ బిల్లులోనైనా చివర్లో అది ఉండాల్సిందే, గాజు క్లీన్ చేస్తుంది కదా! అది అడుగు దాటి పెరుగుతుందని, తీసేదాని కంటే వేసే చెత్తే ఎక్కువని, నాచు సరిపోకపోతే రాత్రుళ్లు గోల్డ్ ఫిష్ ఒంటి మీద జిగురు కూడా గీకుతుందని చెప్పరు. పెరిగాక జనం ఏం చేస్తారు, పుణ్యం అనుకుని చెరువులో వదిలేస్తారు. ఆంధ్రాలో చేపల రైతులు వలలు చిరిగిపోయి దెయ్యం చేప అని తిట్టుకునేది ఈ క్లీనింగ్ స్టాఫ్‌నే.

నీళ్ల గురించి అసలే మాట్లాడరు. గోల్డ్ ఫిష్‌కి 18-22 డిగ్రీలు హాయి, డిస్కస్ చేపకి 28-30 కావాలి, మధ్యలో హీటర్ పెడితే ఇద్దరికీ కష్టమే. మన బోరు నీళ్లు చాలాచోట్ల హార్డ్ వాటర్, గప్పీ, మోలీలకి అది పండగే, డిస్కస్‌కి మాత్రం సాఫ్ట్ వాటర్ కావాలి. అందరూ ఒకే ట్యాంకులో. ఏం కాదు సార్.

విచిత్రం ఏంటంటే ఫ్లవర్ హార్న్ చేప దగ్గర మాత్రం తమరు మాట మార్చేస్తారు. "ఇది ఒక్కటే ఉండాలి సార్, అదృష్టం" అంటారు. నిజమే, అది మనుషులు క్రాస్ చేసి పుట్టించిన సిక్లిడ్, పక్కనెవడున్నా ఓర్చుకోదు. కానీ ఆ నిజం చెప్పగానే ఇంకో ట్యాంకు, ఇంకో ఫిల్టర్, ఇంకో స్టాండు అమ్ముడవుతాయి, అందుకే కాబోలు అక్కడొక్కచోట తమరికి సైన్స్ గుర్తొస్తుంది.

అన్నీ అయ్యాక తమరి తమ్ముడు ‘నీళ్లు పడలేదు సార్’ గారు చేపల జబ్బుకి వేసే నీలం మందు సీసా పట్టుకుని ఎలాగూ వస్తారు. ఆయనకి వేరే ఉత్తరం రాస్తాను. తమరికి ఒక్క మనవి, దిగేముందు ట్యాంకు ఎన్నడుగులు, ఇప్పటికే అందులో ఏమేం ఉన్నాయి అని రెండు ప్రశ్నల్ని ముందు పంపించండి. బేరం పోయేంత ప్రమాదం లేదు, ఆరు కోరీడోరాస్, పది జీబ్రా డానియోలు లాంటి కలిసి బతికే చిన్న చేపల్ని కొనిపించినా బిల్లు బిల్లేగా.

ఇట్లు,
చుట్టాలందరి ట్యాంకులకీ ఫోన్లో వైద్యం చేసే ఒకడు

తా.క.: మా అపార్ట్‌మెంట్ గ్రూపులో ఎవరో ట్యాంకు అమ్మకానికి పెట్టారు, స్టాండుతో సహా, ఒక చేప ఫ్రీ అట. ఏ చేపో రాయలేదు, ఫొటోలో కోట మాత్రం ఖాళీగా లేదు.