చిన్న అక్షరాలు రాసినందుకు రెండు మార్కులు

గత ఆదివారం కావలిలో మా చెల్లెలి ఇంటికి వెళ్లినప్పుడు, తొమ్మిదో తరగతి చదువుతున్న మేనకోడలు తన కంప్యూటర్ పరీక్ష జవాబు పత్రం తెచ్చి నా చేతిలో పెట్టింది. వెబ్ పేజీలు రాసే భాష హెచ్‌టీఎంఎల్. అందులో రాతలోని ముక్కలకు తగిలించే గుర్తులే ట్యాగులు. ఏవైనా ఐదు హెచ్‌టీఎంఎల్ ట్యాగులు రాసి వాటి ఉపయోగాలు తెలపమన్న ప్రశ్నకు ఆ పిల్ల ఐదూ రాసింది. కాకపోతే గైడులో ఉన్నట్టు క్యాపిటల్ అక్షరాల్లో కాకుండా స్మాల్ అక్షరాల్లో రాసింది. దిద్దినవారు ఐదింటి కిందా ఎర్ర గీతలు గీసి రెండు మార్కులు కోసేశారు. "మామా, ఇది నిజంగా తప్పేనా?" అని అడిగింది.

తప్పు కాదు. హెచ్‌టీఎంఎల్‌లో ట్యాగు పేరును పెద్ద అక్షరాల్లో రాసినా చిన్న అక్షరాల్లో రాసినా బ్రౌజరుకు ఒక్కటే. నిజానికి ఈ రోజుల్లో వెబ్‌సైట్లు తయారుచేసే వాళ్లెవరూ పెద్ద అక్షరాల్లో రాయరు. నేను పదహారేళ్లుగా నెల్లూరులో ఈ పనితోనే బతుకుతున్నాను కాబట్టి ఈ మాట ధైర్యంగా చెప్పగలను. అయితే నన్ను ఎక్కువగా బాధపెట్టింది పోయిన రెండు మార్కులు కాదు, వచ్చిన మార్కులు. ఆ పిల్ల రాసిన ఐదింటిలో మూడు ట్యాగులు అక్షరాల తీరు మార్చే ఫాంట్, నడిమధ్యకు తెచ్చే సెంటర్, మార్కీ. వాటిని ఎవరూ తప్పు పట్టలేదు. 1997 డిసెంబరులో వచ్చిన హెచ్‌టీఎంఎల్ 4 ప్రమాణమే ఫాంట్‌నూ సెంటర్‌నూ ఇక వాడవద్దని చెప్పింది. అక్షరాలను రైలుబండిలా పరిగెత్తించే మార్కీని మైక్రోసాఫ్ట్ వారు తమ బ్రౌజరు కోసం తెచ్చుకున్నారు, ప్రమాణం దాన్ని ఏనాడూ నేర్చుకోదగిన ట్యాగుగా ఒప్పుకోలేదు. అంటే పిల్ల పుట్టకముందే పక్కన పెట్టేసినవాటిని ఆ పిల్ల చేత కంఠతా పట్టించి, ఈనాటి పద్ధతిలో రాసినదానికి మార్కులు తీసేశామన్నమాట.

మాస్టార్ల మీద కోపంతో ఇది రాయడం లేదు. లెక్కలు చెప్పే ఆయనకో, సైన్సు చెప్పే ఆవిడకో ఈ పీరియడు అదనంగా అంటగట్టి, చేతిలో ఏ కాలంనాటిదో తెలియని గైడు పెడితే వాళ్లు మాత్రం ఏం చేస్తారు? నా అభ్యంతరమంతా పాఠం మొదలుపెట్టే చోటు మీదే. మనం హెచ్‌టీఎంఎల్‌ను అలంకారంగా చెబుతున్నాం. ఏ ట్యాగు పెడితే అక్షరం ఎర్రగా మారుతుంది, ఏది పెడితే లావవుతుంది, ఏది పెడితే నడిమధ్యకు వస్తుంది అన్న వరుసలో పాఠం సాగుతుంది. కానీ ఆ పని పేజీ రూపురేఖలు చూసుకునే సీఎస్ఎస్ అనే ఇంకో భాషది. ఇది శీర్షిక, ఇది పేరా, ఇది జాబితా, ఇది ఇంకో చోటికి దారి అని రాతలోని ప్రతి ముక్కకూ పేరు పెట్టడమే హెచ్‌టీఎంఎల్ పని. సెర్న్ అనే ఐరోపా పరిశోధన సంస్థలో వెబ్‌ను కనిపెట్టిన టిమ్ బెర్నర్స్-లీ 1991లో మొదటిసారి ట్యాగుల పట్టిక బయటపెట్టినప్పుడు అందులో ఉన్నవి పద్దెనిమిదే. శీర్షికలు, పేరా, జాబితా, లంకె అప్పుడే ఉన్నాయి, ఇప్పటికీ వాడుతున్నాం. బొమ్మ పెట్టే ఐఎంజీ ట్యాగు కూడా లేని రోజులవి, అది 1993లో వచ్చింది. ముప్పై ఏళ్లు దాటినా చెక్కుచెదరని ఆ నాలుగైదింటిని వదిలేసి, మధ్యలో వచ్చి మధ్యలోనే పోయినవాటిని పిల్లలకు నేర్పడం నాకు ఎంతకీ మింగుడుపడదు.

బుచ్చిరెడ్డిపాళెం దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో రెండేళ్లుగా శనివారాలు ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు ఈ పాఠం చెబుతున్నాను. జాబితాలు చెప్పాల్సిన రోజున బోర్డు మీద ట్యాగు ఏదీ రాయకుండా, ఇంట్లో చేపల పులుసు ఎలా పెడతారో కాగితం మీద రాయమన్నాను. కొరమీను, చింతపండు, మామిడికాయ ముక్కలు, ఉల్లిపాయలు, మిరప్పొడి, మెంతులు అని ఒకవైపు రాశారు. చింతపండు నానబెట్టడం, పులుసు మరగనివ్వడం, ఆ తర్వాత ముక్కలు వేయడం అని రెండోవైపు రాశారు. మొదటివైపు ఉన్నవాటిని తారుమారు చేస్తే ఏమవుతుందని అడిగితే, ఏమీ కాదన్నారు. రెండోవైపు తారుమారు చేస్తే? చేప చితికిపోతుందని నలుగురు ఒక్కసారే అరిచారు. వరుస పట్టింపు లేనిది యూఎల్, వరుస తప్పకూడనిది ఓఎల్ అని చెప్పడానికి అప్పుడు నాకు అర నిమిషం సరిపోయింది. ఆ తర్వాత మామిడికాయ ముక్కలు చేపకు ముందు వేయాలా, తర్వాత వేయాలా అన్న తగాదాలో మిగిలిన పీరియడంతా గడిచిపోయింది. ఇందుకూరుపేట వైపు నుంచి వచ్చి చేరిన పిల్ల ఒకవైపు, తరగతంతా ఒకవైపు. జాబితాలో ఒక్కో అంశానికి పెట్టే ఎల్ఐ ట్యాగులను పైకీ కిందికీ జరుపుతూ ఆ తగాదా కంప్యూటరులోని నోట్‌ప్యాడ్‌లో కూడా సాగింది. వాళ్లలో ఏ ఒక్కరూ ఆ రెండు జాబితాల తేడాను మరిచిపోతారని నేను అనుకోను.

శీర్షికల సంగతీ అంతే. హెచ్1 నుంచి హెచ్6 వరకు ఆరు సైజులని గైడులో ఉంటుంది, కాబట్టి కంటికి ముద్దుగా కనిపిస్తుందని పిల్లలు హెచ్3తో మొదలుపెడతారు. అవి సైజులు కావు, అంతస్తులు. ఊరి పేరు హెచ్1 అయితే, ఊళ్లోని చెరువు, బడి, దర్గా హెచ్2లు, చెరువు కింద సాగయ్యే పంటలు హెచ్3. కంటిచూపు లేనివారు తెర చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌తో పేజీ చూసేటప్పుడు ఒక శీర్షిక నుంచి ఇంకో శీర్షికకు దూకుతూ వెళతారని, శీర్షిక అనుకునేలా లావు అక్షరాలు మాత్రమే పెడితే వాళ్లకు అక్కడ ఏమీ దొరకదని చెప్పాక తరగతిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. బొమ్మ చూడలేనివారికి అందులో ఏముందో చెప్పడానికి రాసే ఆల్ట్ మాట కూడా అందుకోసమే. ఒకడు పెన్నా బ్యారేజీ ఫొటో పెట్టి, ఆల్ట్‌లో "ఫొటో" అని రాశాడు. ఇదే మాట ఫోనులో మీ అవ్వకు చెబితే ఆమెకు ఏమి కనపడుతుందిరా అని అడిగాను. కాసేపు ఆలోచించి "వాన తర్వాత గేట్లన్నీ ఎత్తిన పెన్నా బ్యారేజీ" అని మార్చాడు. తెలుగు మాస్టారు నాలుగు నెలలుగా చెప్పిస్తున్న వర్ణనలకంటే ఇదే బాగుందని ఆయనే నాతో అన్నారు.

తెలుగు మాట వచ్చింది కాబట్టి ఇంకొక సంగతి చెప్పాలి. మన గైడుల్లో ఉదాహరణలన్నీ ఆంగ్లంలోనే ఉంటాయి. పోయిన ఏడాది ఒక పాప తన పేరును తెలుగులో టైపు చేసి, దాచి (సేవ్ చేసి), మళ్లీ తెరిచి, "సార్, నా పేరంతా ప్రశ్నగుర్తులు అయిపోయింది సార్" అని ఏడుపు ముఖంతో వచ్చింది. అది విండోస్ 7 ఉన్న పాత యంత్రం. అందులో నోట్‌ప్యాడ్ దానంతటది ఆన్సీ పద్ధతిలో దాస్తుంది, ఆ పద్ధతిలో తెలుగు అక్షరాలకు చోటు లేదు. దాచేటప్పుడు కింద ఎన్‌కోడింగ్ దగ్గర తెలుగుకూ చోటున్న యూటీఎఫ్-8 పద్ధతిని ఎంచుకోవాలి, పేజీ తలభాగంలో మెటా చార్‌సెట్ యూటీఎఫ్-8 అని కూడా రాయాలి. ఈ రెండో పని మరిచిపోతే కొన్ని బ్రౌజర్లు తలపై గీత ఉన్న ఆంగ్ల 'a' అక్షరాన్నీ (à) డిగ్రీ గుర్తునూ (°) వరసగా చూపిస్తాయి. ఎందుకలా అని పిల్లలు అడిగితే దాటవేయనవసరం లేదు, తొమ్మిదో తరగతి లెక్కలు చాలు. నెల్లూరు అన్న మాటలో హల్లులు, గుణింతపు గుర్తులు, ఒత్తు కోసం వచ్చే పొల్లు విడదీస్తే ఎనిమిది సంకేతాలు వస్తాయి. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు, అంటే కంప్యూటరులో మూడు గళ్ల చోటు, కావాలి కాబట్టి మొత్తం ఇరవై నాలుగు. అదే మాటను ఆంగ్లంలో రాస్తే ఏడే. బోర్డు మీద తమ పేర్లు విడదీసి బైట్లు లెక్కపెట్టుకోవడానికి వాళ్లు ఎగబడ్డారు. ఎవరి పేరు బరువు ఎక్కువన్నది ఇప్పటికీ వాళ్లలో పెద్ద విషయం.

సౌకర్యాలు లేవు కదా అనే వారికి నా జవాబు చిన్నది. దీనికి ఇంటర్నెట్ అక్కరలేదు, కొత్త యంత్రం అక్కరలేదు, దేనినీ కొని వేయనవసరం లేదు. నోట్‌ప్యాడ్, బ్రౌజరు ఉన్న ఏ పాత కంప్యూటరైనా చాలు. కరెంటు పోయిన శనివారాల్లో కాగితం మీదే రాయిస్తాను. మొదటి రోజు మాత్రం ఒక పీరియడు మంటగలుస్తుందని సిద్ధపడాలి. ఫైలు పేరు చివర హెచ్‌టీఎంఎల్ అని పెట్టామనే అందరూ అనుకుంటారు, విండోస్ దాని వెనక టీఎక్స్‌టీ అని తగిలించి, ఆ తోకను కనపడకుండా దాచేస్తుంది. డబుల్ క్లిక్ చేసిన ముప్పై మందికీ వెబ్ పేజీకి బదులు మళ్లీ నోట్‌ప్యాడే తెరుచుకుంటుంది. ఫైలు పొడిగింపులు కనపడేలా ముందురోజే సెట్టింగు మార్చుకుంటే ఆ పీరియడు దక్కుతుంది.

చాట్‌బాట్‌ను అడిగితే నిమిషంలో పేజీ రాసి ఇస్తుంది, ఇంకా ఇదంతా ఎందుకని ఒక మిత్రుడు అన్నాడు. రాసి ఇస్తుంది, నేనూ వాడతాను. అది ఇచ్చిన పేజీలో పులుసు తయారీ యూఎల్‌లో ఉందని పట్టుకోవడానికే ఈ పాఠం.

సీబీఎస్‌ఈ పదో తరగతి కంప్యూటర్ అప్లికేషన్స్‌లో హెచ్‌టీఎంఎల్ ఉంది. ఆరో తరగతి నుంచే కోడింగ్ అని 2020 జాతీయ విద్యా విధానం చెప్పింది. కాబట్టి పాఠం ఎలాగూ వస్తుంది. నేను అడిగేది ప్రశ్నపత్రంలో ఒక్క మార్పు. ఏవైనా ఐదు ట్యాగులు రాయుము అన్న ప్రశ్న తీసేసి, ఒక శుభలేఖనో, కరపత్రాన్నో, బస్టాండులోని సమయాల పట్టికనో ముద్రించి ఇచ్చి, అందులో ఏ ముక్క ఏమిటో గుర్తించమని అడగండి. ట్యాగు పేరు సరిగా గుర్తు రాకపోయినా శీర్షికను శీర్షికగా పట్టుకున్న పిల్లకు సగం మార్కులైనా ఇవ్వండి.

పోయిన నెల మా తరగతిలో ఒక శుభలేఖతో ఇదే చేయించాను. వధూవరుల పేర్లు హెచ్1 అని అందరూ రాశారు. ముహూర్తం, వేదిక హెచ్2 అన్నారు. వెనక బెంచీలో కూర్చునే పిల్లవాడొకడు అన్నింటికంటే పైన ఉన్న శ్రీరస్తు శుభమస్తు ఏ ట్యాగు కిందికి వస్తుందని అడిగాడు. పేరాగా పెట్టెయ్యమన్నాను. "పేరా అంటే ఏదో ఒకటి చెప్పాల గదా సార్, ఇది ఏం చెప్పట్లేదు గదా" అన్నాడు. వచ్చే శనివారానికి ఆలోచించి చెబుతానన్నాను. మూడు శనివారాలు గడిచాయి.