చెంచా ఉప్పుతో ఐదు రంగుల గులాబీలట!

ఈ వారంలో ఐదుగురు ఒకే గులాబీ చిట్కాల సందేశం పంపారు. అదే ఫొటో, అవే దండాల బొమ్మలు, అదే ముక్క: "విశాఖలో మీ మేడ మీదే ఒక్క ఫ్లోరిబండా మొక్కకు ఐదు రంగుల పూలు. పదిమందికి పంపండి." ఫ్లోరిబండా అంటే గుత్తులుగా పూసే గులాబీ. పంపినవాళ్లలో ముగ్గురి ఇళ్లలో తులసి కోట తప్ప మరో మొక్క లేదు.

బీట్‌రూట్ రసం పోస్తే తెల్లపూలు ఎర్రబడతాయట. కోసిన తెల్ల పువ్వు కాడను రంగునీళ్లలో ఉంచితే రేకులకు రంగెక్కుతుంది, నిజమే. మట్టిలో పోస్తే చీమలొస్తాయి.

బంగాళాదుంపలో కొమ్మ గుచ్చాలట. మన ఊరి ఉక్కకు దుంప కుళ్లుతుంది, కొమ్మ దానికి తోడు పోతుంది. గుడ్డు పెంకులంటారా, వేసుకోండి. ఫలితం కోసం మాత్రం ఎదురుచూడకండి.

నా కోపమంతా నాలుగోదాని మీద: "వారానికి చెంచా ఉప్పు." మొదట ఎవరో ఎప్సమ్ సాల్ట్ అని రాసి ఉంటారు. చేతులు మారేసరికి ఎప్సమ్ ఊడిపోయి సాల్ట్ కాస్తా ఉప్పయింది. ఆ ఎప్సమ్ మెగ్నీషియం సల్ఫేటు. ముదురాకుల్లో ఈనెలు పచ్చగానే ఉండి వాటి మధ్య పసుపెక్కితే కొలిచి వేసేది. వంటింటి ఉప్పు చేరితే తడిమట్టిలో ఉన్న వేరు కూడా నీరు తాగలేదు. పెదవాల్తేరులో మా పిన్ని మూడు వారాలు వేసింది. వెళ్లి చూస్తే ఆకుల అంచులు మాడిన అప్పడాల్లా ఉన్నాయి, ముట్టుకుంటే పొడి. మట్టి మీద తెల్లటి పొర. "ఎండదెబ్బేమోరా, ఇంకో చెంచా వేయనా?" అంది.

బీచ్ రోడ్డు వైపు కిటికీ ఊచలను అడగండి, ఈ ఊరి గాలిలో ఉప్పు తక్కువైందేమో చెబుతాయి! తీరం దగ్గర కొన్ని బోర్ల నీళ్లూ ఉప్పనే. అలాంటి చోట వాననీళ్లు పట్టి పోసుకోండని ఒక్క ముక్క రాయడానికి ఆ మహానుభావులకు చోటు చాలలేదు. దండాలకు మాత్రం చాలింది.

"కత్తిరిస్తే చస్తుంది" అన్నది మరో వేదవాక్కు. వానలు తగ్గాక ఏటా కత్తిరిస్తాను. ఆరేడు వారాలకు గుత్తులొస్తాయి.

ఇంత తిట్టాక ఒకటి ఒప్పుకోవాలి, ఫొటో అబద్ధం కాకపోవచ్చు. 1949లో వచ్చిన మాస్కరేడ్ అనే ఫ్లోరిబండా పసుపుగా విచ్చుకుని, గులాబీ రంగుకు, ఆపై ముదురెరుపుకు తిరుగుతుంది. గుత్తిలో పూలన్నీ ఒకేసారి విచ్చవు కనుక మూడు రంగులూ పక్కపక్కనే కనబడతాయి. పనితనముంటే ఒకే మొదలు మీద వేర్వేరు రకాల కన్నులూ అంటు కట్టవచ్చు. గులాబీకి అంటు కట్టడం కడియం నర్సరీలకు రోజువారీ పనే.

పిన్ని కుండీకి అడుగు రంధ్రంలోంచి ధారగా కారేదాకా నాలుగుసార్లు మంచినీళ్లు పోశాం. పదిహేను రోజులకు ఒక కణుపు దగ్గర ఎర్రటి చిగురు వచ్చింది. సంబరంగా ఆ ఫొటో కుటుంబం గ్రూపులో పెట్టాను. కింద మామయ్య రాశారు: "చూశావా, ఉప్పు పనిచేసింది!"