మనం చూడని మే నెల

అమెరికాలో ఉన్న మనవాళ్ళు ఊరికి వెళ్ళేది ఏడాదిలో రెండే కాలాల్లో. అయితే సంక్రాంతికి, లేకపోతే ఇక్కడ పిల్లల బడులు మూసేశాక జూన్ సగం దాటి. సంక్రాంతికి గోదావరి డెల్టా ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. కాలువల నిండా నీళ్ళు, దాళ్వా (రెండో పంట వరి) నాట్లు, ప్రతి గుమ్మం ముందూ బంతి, చేమంతి. జూన్ ఆఖరుకి వెళ్ళినా అంతే, తొలకరి పడి ఉంటుంది, కాలువ వదిలి ఉంటారు, గట్ల మీద గడ్డి లేచి ఉంటుంది. మధ్యలో ఏప్రిల్ సగం నుంచి జూన్ మొదటి వారం దాకా ఒక కాలం ఉంది. దాన్ని మనలో చాలామంది చూసి ఏళ్ళయింది. ఆ కాలం చూడని మనమే అక్కడి ఇంటి ముందు ఏ గడ్డి వెయ్యాలో, వెనక దొడ్లో ఏ కొలను కట్టాలో ఇక్కడ కూర్చుని తేల్చేస్తున్నాం. నా పేచీ అంతా దీంతోనే.

ఈమధ్య కోనసీమలో మనవాళ్ళు కట్టుకుంటున్న ఇళ్ళన్నీ ఒకే ఫొటో చూసి కట్టినట్టు ఉంటున్నాయి. ముందు మెక్సికన్ గడ్డి లాన్, చుట్టూ పేవర్ టైల్స్, వెనక రెండడుగుల లోతున నీలం టైల్స్ వేసిన బుల్లి కొలను, అందులో నాలుగు కోయి అనే రంగుల అలంకార చేపలు, మధ్యలో ఫౌంటెన్. గృహప్రవేశం మాఘంలోనో ఫాల్గుణంలోనో పెట్టుకుంటాం కాబట్టి ఆ రోజు అన్నీ మెరిసిపోతాయి. మే వచ్చేసరికి లాన్ గోనెసంచి రంగులోకి తిరుగుతుంది, చేపలు ఒక్కొక్కటే తేలతాయి. ఇల్లు చూసుకునే ఆయనకి మనం ఇక్కడి రాత్రి పూట ఫోన్ చేసి క్లాసు పీకుతాం. "నీళ్ళు పోస్తూనే ఉన్నానండి బాబూ, ఎండ అలా ఉంటే నేనేం చేసేదండి?" అంటాడాయన. ఆయన అన్నది నిజం.

అసలు సంగతి కాలువల్లో ఉంది. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొరగారి ఆనకట్ట 1852లో పూర్తయినప్పటి నుంచీ డెల్టా బతుకు కాలువల లెక్క మీదే నడుస్తోంది. దాళ్వా కోతలయ్యాక కాలువలు కట్టేస్తారు, అంటే నీళ్ళు వదలడం ఆపేస్తారు. పూడికలు తియ్యాలి, లాకులు బాగుచెయ్యాలి, పైగా గోదావరిలోనే నీళ్ళు తగ్గుతాయి. కట్టేసే ముందు మంచినీళ్ళ చెరువులన్నీ నింపుకోమని ఊళ్ళకి చెబుతారు. మన నూతుల్లో, బోర్లలో కనపడే నీళ్ళు కూడా చాలావరకు కాలువల నుంచి, చేల నుంచి ఇంకినవే. కాలువ ఆగిందంటే నీటి మట్టం దిగిపోతుంది, సముద్రం దగ్గర ఊళ్ళల్లో బోరు నీళ్ళు ఉప్పగా మారతాయి. అంటే ఏడాది మొత్తంలో తోటకి నీళ్ళు ఎక్కువ కావలసిన రోజుల్లోనే ఊళ్ళో నీళ్ళు తక్కువగా ఉంటాయి. పంచాయతీ వాళ్ళు ఊరి చెరువు నింపుకున్నట్టు ఇంటి గుంట, తొట్లు కాలువ కట్టెయ్యక ముందే నింపి పెట్టుకోవడం పాతవాళ్ళకి అలవాటు. మనకి ఆ తేదీ ఎప్పుడో కూడా తెలీదు.

లాన్ సంగతి ఒక్కసారి లెక్క వేసి చూడండి. మే నెలలో గడ్డి పచ్చగా ఉండాలంటే చదరపు మీటరుకి రోజుకి అయిదు లీటర్లైనా పొయ్యాలి. వంద చదరపు గజాలకి దాదాపు 400 లీటర్లు. కాపుకొచ్చిన కొబ్బరి చెట్టుకి పాదులో నాలుగు రోజులకోసారి 200 లీటర్లు పోస్తే సరిపోతుంది, అంటే రోజుకి 50. మన లాన్ ఎనిమిది కొబ్బరి చెట్ల నీళ్ళు తాగుతోందన్నమాట, ఒక్క కాయ ఇవ్వకుండా. ఎవరి సరదా వాళ్ళది, కాదనను. కానీ పక్కింటి నుయ్యి అడుగంటినప్పుడు మన స్ప్రింక్లర్ తిరుగుతుంటే ఊళ్ళో ఏమనుకుంటారో మనకి ఫోన్లో వినపడదు.

నన్నడిగితే కత్తెర ఎండల్లో తోటకి చెయ్యాల్సిన పనుల కంటే ఆపాల్సిన పనులే ఎక్కువ. మే 4న డొల్లు కత్తెరతో మొదలై, నెలాఖరుకి రోహిణి కార్తె వచ్చి, జూన్ 7, 8 తేదీల్లో మృగశిర దాకా ఆ మొక్కలు బతికి బయటపడితే చాలు. అప్పుడు యూరియా చల్లడమంటే జ్వరంతో ఉన్న మనిషికి బిర్యానీ పెట్టడమే. కొమ్మలు కొట్టించడం కూడా వద్దు. నీడలో ఉన్న బెరడు మీద ఒక్కసారిగా ఎండ పడితే పగులుతుంది. మామిడికి కాయ దిగాక, వానలు మొదలయ్యాక కత్తిరించుకోవచ్చు. కడియం, కడియపులంక నర్సరీల నుంచి కొత్త మొక్కలు తెప్పించడం కూడా మృగశిర దాటాకే. ఆ నర్సరీల వాళ్ళే వేసవిలో మొక్కల మీద షేడ్ నెట్లు కట్టి కాపాడుకుంటారు. నెట్ కింద పెరిగిన దాన్ని తెచ్చి మనం మే నెలలో టైల్స్ పక్కన పాతితే వారం తిరక్కుండా మాడుతుంది.

అన్నిటికంటే ముందు ఆపాల్సింది దొడ్డి ఊడ్చి ఆకులు తగలబెట్టడం. ఫొటోలో దొడ్డి శుభ్రంగా కనపడాలని మనమే చెప్పి ఊడ్పిస్తాం. ఆ ఎండాకే నేల మీద దుప్పటి. కొబ్బరి చెట్టుకి మొదలు చుట్టూ ఆరడుగుల దూరం దాకా పాదు చేసి, అందులో ఆకులు, మట్టలు, కొబ్బరి పొట్టు పరిస్తే పోసిన నీళ్ళు రెండింతలు రోజులు ఉంటాయి. కొబ్బరి డొక్కలు దొరికితే గుంట భాగం పైకి ఉండేలా పాదులో పేర్చి మట్టి కప్పించండి. ఇసుక నేలల్లో దీన్ని మించింది లేదు. చెదలు పడతాయని, పాములు చేరతాయని అంటారు. నిజమే, అందుకే మొదలుకి జానెడు ఎడం వదలాలి, గుమ్మం దగ్గర పోగులు పెట్టకూడదు. అంతేగాని మొత్తం ఊడ్చి నిప్పు పెట్టక్కర్లేదు. వేసవిలో కొబ్బరి చెట్టు దాహంతో పడే బాధ అప్పటికప్పుడు కనపడదు. పిందె రాలుతుంది, తర్వాతి ఏడాది దింపులో, అంటే కాయలు దించినప్పుడు, లెక్క తగ్గుతుంది. అప్పుడు మనం దింపు వాళ్ళని అనుమానిస్తాం.

నీళ్ళు పోసే వేళ గురించి ఒక మాట. మధ్యాహ్నం పోస్తే ఆకు కాలుతుందని మన పెద్దవాళ్ళు అనేవారు. ఆకు మీద చుక్క వల్ల కాలదు గానీ, డాబా మీద నల్ల ప్లాస్టిక్ ట్యాంకులో నీళ్ళు, ఎండలో పడి ఉన్న రబ్బరు పైపులో నీళ్ళు ఆ వేళకి చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటాయి. కుండీలో వేళ్ళు ఉడికిపోతాయి. తెల్లవారుజామున పొయ్యడం మేలు, కుదరకపోతే పొద్దు వాలాక పైపులో వేడి నీళ్ళు కాస్త వదిలేసి. ఉప్పు బోరున్న ఇళ్ళల్లో మామిడికి, కుండీలకి ఆ నీళ్ళు పోస్తే ఆకు అంచులు మాడతాయి. కొబ్బరి కొంత ఉప్పు తట్టుకుంటుంది కాబట్టి ఉన్న కాసిని మంచినీళ్ళు మిగతా వాటికి దాచాలి.

కొబ్బరాకుల అడుగున తెల్లటి సున్నంలా, చుట్టలు చుట్టలుగా పట్టే తెల్లదోమ అనే పురుగు సంగతి ఊరితో సంబంధమున్న వాళ్ళందరికీ తెలుసు. మన దేశంలో అది 2016లో బయటపడింది. పొడి వేసవిలో విజృంభిస్తుంది. దాని జిగురు కారి కింద జామ, అరటి, కరివేపాకు ఆకులన్నీ మసి పూసినట్టు నల్లబడతాయి. ఆ నలుపు చూసి మందు కొట్టించమని మనం డబ్బులు పంపిస్తాం. వద్దు. దాన్ని తినే చిన్న కందిరీగ జాతి పరాన్నజీవి, ఎన్‌కార్సియా అని ఒకటుంది, పురుగుమందుకి ముందు చచ్చేది అదే. అంబాజీపేట ఉద్యాన పరిశోధన కేంద్రం వాళ్ళు మిత్రపురుగుల మీద, తెల్లదోమని చంపే శిలీంధ్రం మీద ఏళ్ళ తరబడి పనిచేస్తున్నారు. వాళ్ళని అడగడం ఉత్తమం. చిన్న చెట్లైతే ఆకు అడుగుభాగాన నీళ్ళు గట్టిగా కొట్టినా చాలా తగ్గుతుంది.

ఇక కొలను. దీని గురించి కొంచెం ఎక్కువే చెబుతాను, ఎందుకంటే డబ్బు పోసి చేపల్ని చంపుకుంటున్నది ఇక్కడే. నీళ్ళు వేడెక్కే కొద్దీ వాటిలో ఆక్సిజన్ తగ్గుతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరుకి 9 మిల్లీగ్రాములు పట్టుకునే నీళ్ళు, 35 డిగ్రీల దగ్గర 7 మాత్రమే పట్టుకుంటాయి. అదే వేడికి చేపకి గాలి ఎక్కువ కావాలి. రెండడుగుల టైల్స్ తొట్టి మే నెల మధ్యాహ్నానికి ఎంత కాగుతుందో ఊహించండి. కోయి చల్లని నీళ్ళ చేప. దాన్ని తెచ్చి రోహిణి కార్తెలో పెట్టడం పాపం.

చేపలు పగలు బాగానే ఉండి తెల్లారేసరికి చస్తున్నాయంటారు. భీమవరం, ఆకివీడు వైపు చేపల చెరువుల రైతుల్ని అడగండి, తెల్లవారుజామున టార్చి పట్టుకుని గట్ల మీద ఎందుకు తిరుగుతారో చెబుతారు. పగలు ఎండలో నాచు, మొక్కలు ఆక్సిజన్ వదులుతాయి. రాత్రి అవి కూడా పీల్చుకుంటాయి. అందుకని సూర్యోదయానికి ముందు నీళ్ళల్లో ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువ. చేపలు మూతులు పైకి పెట్టి గుటకలు వేస్తాయి. మన ఇళ్ళల్లో ఏం చేస్తారంటే సాయంత్రం చుట్టాలొస్తే ఫౌంటెన్ వేసి, రాత్రి కరెంటు బిల్లు ఎందుకని ఆపేస్తారు. ఈ పద్ధతి తిరగెయ్యాలి. రాత్రి పది నుంచి తెల్లారి ఏడు దాకా అది తిరగాల్సిందే, ఇన్వర్టర్‌కి కలిపితే ఇంకా మంచిది.

నీళ్ళు పచ్చబడ్డాయని మొత్తం తోడించి కొత్త నీళ్ళు నింపడం, మైలుతుత్తం వెయ్యడం, బ్లీచింగ్ పౌడర్ చల్లడం, ఈ మూడూ చేపల పాలిట యముళ్ళు. నాచు ఒక్కసారిగా చస్తే అది కుళ్ళడానికే ఉన్న ఆక్సిజన్ అయిపోతుంది. వారానికి పదో వంతు, మహా అయితే అయిదో వంతు నీళ్ళు తీసి మొక్కలకి పొయ్యాలి, దానికి మించిన ఎరువు లేదు. కుళాయి నీళ్ళైతే క్లోరిన్ పోయేలా ఒక రోజు తొట్టిలో ఉంచి నెమ్మదిగా కలపాలి. ఎండకి తగ్గిన నీటినే బోరుతో నింపుతూ పోతే ఇంకో చిక్కు. ఆవిరయ్యేది నీరే, ఉప్పు లోపలే ఉండిపోతుంది, రోజులు గడిచే కొద్దీ నీళ్ళు ఉప్పగా మారతాయి. అందుకే తీసి పొయ్యడం, ఊరికే పొయ్యడం కాదు. మేత సగానికి తగ్గించమనండి. పడమటి వైపు తాటాకులతోనో కొబ్బరాకులతోనో పందిరి వేయించి, నీటి మీద సగం దాకా కలువాకులు పరుచుకుంటే సగం మందులు అక్కర్లేదు. కొత్తగా తవ్వించేవాళ్ళు ఒక మూలైనా నాలుగడుగుల లోతు పెట్టించండి. కోయి బదులు కొర్రమేను, మట్టగిడస ఉంచుకుంటే పైకొచ్చి గాలి పీల్చుకుని బతుకుతాయి. అందంగా ఉండవంటారా, పులుసులోకి వస్తాయి.

కొలను అనగానే అమ్మానాన్నలకి దోమల టెన్షన్. గుడ్డు నుంచి దోమ కావడానికి ఆ వేడిలో వారం, పది రోజులు చాలు. కానీ డెంగీ దోమ పెరిగేది ఎక్కువగా కుండీల కింద పళ్ళేల్లో, కొబ్బరి చిప్పల్లో, మూత లేని డ్రమ్ముల్లో. చేపలున్న గుంటలో కాదు. శుక్రవారం డ్రైడే అని, నిలవ నీళ్ళన్నీ పారబొయ్యమని ఆరోగ్య శాఖవాళ్ళు చెప్పేది అందుకే. దోమ లార్వాని తినే గంబూసియా చేపల్ని వదలడం మీద మాత్రం నాకు అభ్యంతరముంది. అవి మన టెక్సాస్ వైపు వాగుల్లో పుట్టిన జాతి. లార్వాతో పాటు కప్ప పిల్లల్నీ, మన చేపల గుడ్లనీ తినేస్తాయి. మూసి ఉన్న సిమెంటు తొట్టిలోనైతే సరే. కాలువతో సంబంధమున్న గుంటలో పరిగెలు (మన చిన్న చేపలు) వదిలినా ఆ పని చేస్తాయి, కప్పలూ బతుకుతాయి.

పాత ఇళ్ళకి వెనక మట్టి గుంట ఒకటి ఉండేది. ఇల్లు కట్టడానికి మట్టి తీసిన చోటే అది. అరుగు ఎత్తయ్యేది, నీళ్ళకి చోటు దొరికేది. బట్టలు, గిన్నెలు కడిగిన నీళ్ళు అరటి, చేమ పాదుల్లోంచి దాని వైపు పోయేవి. దాన్ని పూడ్చి, పైన పేవర్ టైల్స్ పరిచి, మళ్ళీ పక్కన టైల్స్ కొలను కట్టుకోవడం ఏం తెలివో నాకు అర్థం కాదు. పూడ్చినచోట వేసవిలో వేడి పెరుగుతుంది, ఆగస్టులో వాన నీళ్ళు గుమ్మంలోకి వస్తాయి. ఊళ్ళో గుంట ఇంకా మిగిలి ఉన్నవాళ్ళు ఈ ఏడు దాన్ని ముట్టుకోకండి, వేసవిలో పూడిక తీయించడం తప్ప.

ఇదంతా చేసేది ఎవరు? మనం కాదు, డెబ్భై ఏళ్ళ నాన్నగారో, నెలకింతని మాట్లాడుకున్న మనిషో. 43, 44 డిగ్రీల ఎండలో "చెట్లకి నీళ్ళు పోశావా" అని వీడియో కాల్ చేసే ముందు ఆయన గొడుగు కింద ఉన్నాడా అని చూడండి. పొద్దున్న తొమ్మిదిలోపు, సాయంత్రం అయిదు తర్వాత, మధ్యలో పని లేదు. సంక్రాంతికి బట్టలు పెట్టడం బాగానే ఉంది, ఆ డబ్బు మే నెల జీతంలో కలిపి ఇస్తే ఇంకా బాగుంటుంది.

జూన్‌లో కాలువ వదిలారని ఫోన్ వస్తుంది. సంతోషంలో ఆ రోజే గుంటలోకి నీళ్ళు పెట్టించకండి. మొదటి నాలుగైదు రోజులు వచ్చేదంతా రెండు నెలల చెత్త, చేలల్లోంచి కడుక్కొచ్చిన మందులు. నీళ్ళు తేరుకున్నాక, తూము దగ్గర సన్న కన్ను వల రెండు మడతలు వేసి కట్టమనండి. గుర్రపుడెక్క ఒక్క ముక్క లోపలికొచ్చినా ఆగస్టుకల్లా గుంటలో నీళ్ళు కనపడవు.