నలభై రెండో రోజుకు మందేది?

సంక్రాంతి వెళ్లిన నాలుగో రోజు. తిరుపతి బస్టాండు దగ్గర ఒక మెడికల్ షాపులో జ్వరం మాత్రలు కొంటున్నాను. పక్కనున్న ఆవిడ గొంతు తగ్గించి, "అన్నా, రసంలో కలిపితే తెలీకుండా తాగుడు మాన్పించే మాత్ర ఉందంట గదా" అని అడిగింది. షాపతను డాక్టరు చీటీ అడగలేదు. స్ట్రిప్ కాగితంలో చుట్టి చేతిలో పెట్టాడు. "మా ఇంటాయన అయ్యప్ప మాలలో ఉన్నెన్ని దినాలూ బంగారట్లా మనిషి. మాల తీసిన రాత్రే మళ్లా మొదలుపెట్టినాడు" అంది, ఎవరూ అడక్కుండానే.

అది డైసల్ఫిరామ్ అయ్యుంటుంది. 1940ల చివర్లో డెన్మార్క్‌లో దీని గుణం బయటపడింది. మద్యం ఒంట్లోకి వెళ్లాక అసిటాల్డిహైడ్ అనే విషంగా మారుతుంది, మామూలుగా కాలేయం దాన్ని వెంటనే విరిచేస్తుంది. ఈ మాత్ర వేసుకుంటే అలా విరిచే పని ఆగిపోతుంది. తాగగానే మొహం ఎర్రబడుతుంది, వాంతులవుతాయి, గుండె దడదడలాడుతుంది, బీపీ పడిపోతుంది. అలా అవుతుందన్న భయంతోనే మనిషి గ్లాసు ముట్టడు. ఆ భయం ఉండాలంటే మాత్ర వేసుకున్న సంగతి అతనికి తెలియాలి కదా! చెప్పకుండా రసంలో కలిపితే అతను ఎప్పటిలాగే తాగుతాడు. గుండె జబ్బున్నవాడైతే ప్రాణం మీదికే వస్తుంది. మాత్ర ఆపాక కూడా రెండు వారాల దాకా ఈ ప్రమాదం పొంచి ఉంటుంది.

ఆవిడను తప్పుపట్టను. ఇంటి పరువు వీధిన పడకూడదని అంత దూరం వచ్చింది. నా కోపమంతా చీటీ లేకుండా అమ్మినవాళ్ల మీద, ఇంతకన్నా మంచి మందులున్నాయని ఆమెకు చెప్పని మన అందరి మీద.

నలభై ఒక్క రోజులు మానగలిగినవాడికి మనసు గట్టిది కాదని ఎలా అంటాం? దీక్షలో నియమం ఉంది, తోటి స్వాములున్నారు. మాల తీశాక అవేవీ ఉండవు, మెదడు మాత్రం మద్యం కోసం పీకుతూనే ఉంటుంది. అకాంప్రోసేట్ సరిగ్గా అక్కడ పనికొస్తుంది. తాగుడు ఆపినవాళ్లకు ఇచ్చే మాత్ర అది. 333 మిల్లీగ్రాములవి రెండేసి, మూడు పూటలా వేసుకోవాలి. ముందు కిడ్నీ పరీక్ష చేయిస్తారు. నాల్ట్రెక్సోన్ రోజుకొకటి, 50 మిల్లీగ్రాములు. తాగితే వచ్చే ఆ హుషారునే తగ్గిస్తుంది, దీనికి లివర్ పరీక్ష కావాలి. ఈ రెండింటినీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో అత్యవసర మందుల జాబితాలో చేర్చింది.

ఇంకో మాట మాల వేసే స్వాములకు చెప్పాలి. రోజూ విపరీతంగా తాగేవాళ్లు ఒక్కసారిగా ఆపితే రెండు మూడు రోజుల్లో చేతులు వణుకుతాయి, ఫిట్స్ రావచ్చు, లేనివి కనిపించవచ్చు. అది దేవుడి పరీక్ష అనుకుని కూర్చోకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. అసలు మాల వేయకముందే డాక్టర్ని కలిస్తే ఆ మొదటి రోజులను మందులతో దాటిస్తారు.

నొప్పి మాత్రలకు, హెరాయిన్‌కు అలవాటుపడ్డవాళ్లకు వేరే దారి. ట్రమడాల్ అనే నొప్పి మాత్రను 2018లోనే మాదకద్రవ్యాల చట్టం కిందికి తెచ్చారు. వీళ్లకు అదే కోవకు చెందిన, నాలుక కింద పెట్టుకునే బుప్రెనార్ఫిన్ మాత్ర ఇస్తారు. మత్తుకు మత్తే మందా అని తిట్టేవాళ్లున్నారు. డాక్టరు లెక్క ప్రకారం ఇచ్చే ఆ మాత్రతో మనిషి వణుకు లేకుండా పనికి వెళ్తాడు, ఓవర్‌డోస్‌తో చచ్చిపోయే ముప్పు తగ్గుతుంది.

కేంద్రం 2019లో విడుదల చేసిన సర్వే ప్రకారం మద్యానికి బానిసలైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోంది. మిగతా 37 మంది ఇళ్లలో మొక్కులు, ఒట్లు, నాటుమందులు, రసంలో మాత్రలు.

షాపు బయట ఆవిడకు ఇదంతా తోచినంతలో చెప్పాను. రుయా ప్రభుత్వాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉందన్నాను. "మా ఇంటాయన రాడు గదన్నా" అంది. ముందు మీరొక్కరే వెళ్లి డాక్టరుతో మాట్లాడండక్కా, అదీ కుదరకపోతే 14446కి ఫోన్ చేయండి, డబ్బులు పడవు అన్నాను. కాసేపు స్ట్రిప్ వైపే చూసింది. దాన్ని సంచి అడుగున పెట్టి, ఆ నంబరు రాసివ్వమని చెయ్యి చాపింది.