గ్రేవీ వేసుకోండి, ఏం కాదు

మా మామయ్యకి ఉపవాసం ఉండటం కష్టం కాలేదు. ఉన్నట్టు ఎవరికీ తెలియకుండా ఉండటం దగ్గరే కథ అడ్డం తిరిగింది.

1842లో ఫాదర్ హయ్యర్ అనే అమెరికా మిషనరీ గుంటూరులో దిగిన దగ్గర్నుంచీ ఈ ఊళ్లో లూథరన్లు, అంటే ఆ శాఖ క్రైస్తవులు ఉన్నారు, వాళ్లతో పాటు శ్రమల దినాలూ, అంటే ఈస్టర్‌కి ముందు నలభై రోజుల ఉపవాస కాలమూ ఉంది. ఏటా ఆ నలభై రోజులూ మామయ్య సాయంత్రం ప్రార్థనకి వెళ్లేవాడు, ఇంటికొచ్చి కోడికూరతో అన్నం తినేవాడు. ఎవరికీ ఏ ఇబ్బందీ ఉండేది కాదు. 2025లో మాత్రం, మార్చి 5న, ఆ రోజులు మొదలయ్యే భస్మ బుధవారం ప్రసంగం ఆయనకి సూటిగా తగిలింది. పాస్టరు గారు మత్తయి సువార్త ఆరో అధ్యాయం తీశారు. ఉపవాసం చేసేటప్పుడు వేషధారుల్లా మొహం వేలాడేసుకుని తిరగొద్దు, తల అంటుకుని మొహం కడుక్కో, మనుషులకి కనబడనక్కర్లేదు, రహస్యంలో ఉన్న తండ్రికి కనబడితే చాలు అన్నది అందులో సంగతి. ఇంటికి రాగానే మామయ్య ఈస్టర్ దాకా మాంసం ముట్టనన్నాడు. ఈ విషయం గడప దాటకూడదని కూడా అన్నాడు.

"నీ కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదు" అన్నాడు అత్తయ్యతో, గంభీరంగా.

"అది ధర్మం చేసేటప్పటి మాటండీ. అయినా ఈ ఇంట్లో వండేది ఆ ఎడమచెయ్యే" అంది అత్తయ్య.

అప్పట్లో నేను గ్రూప్స్‌కి చదువుకుంటూ వాళ్లింట్లోనే ఉండేవాణ్ణి. మామయ్య వాటా కూడా నా కంచంలోకే వచ్చేది కాబట్టి ఈ దీక్ష మీద నాకు ఎలాంటి అభ్యంతరమూ లేదు.

ఇంతకీ ఆయన మానేసిన సమయం చూడండి. ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చి చికెన్ ధర పడిపోయింది. జనం భయం పోగొట్టాలని వ్యాపారులు మేళాలు పెట్టి ఉచితంగా వండి వడ్డించారు. ఆ భయం కాస్త తగ్గి, ఆఫీసులో అందరూ మళ్లీ ధైర్యంగా లెగ్ పీసులు తెచ్చుకుంటున్న రోజుల్లో మామయ్య క్యారియర్‌లో దొండకాయ వేపుడు.

"ఏంటి సార్, బర్డ్ ఫ్లూ భయమా?" అన్నాడు పక్క సీటాయన.

"కాదు."

"షుగరా?"

"కాదు."

"మరి?"

మామయ్య చిరునవ్వు నవ్వాడు. ఆ నవ్వే ఆయన కొంప ముంచింది.

'పొట్ట బాగోలేదండీ' అంటే ఒక్క మాటతో పోయేది. కానీ మీ మాట అవునంటే అవును, కాదంటే కాదు అనేలా ఉండాలని అదే మత్తయిలో ఒక్క అధ్యాయం ముందే ఉంది. ఉన్నది చెప్తే ఆరో అధ్యాయం ఒప్పుకోదు, లేనిది చెప్తే ఐదో అధ్యాయం ఒప్పుకోదు. రెండింటి మధ్యా మిగిలింది ఆ చిరునవ్వొక్కటే.

తల అంటుకోమన్న మాటని కూడా మామయ్య అక్షరాలా పాటించాడు. అంతకుముందు వారానికోసారి నూనె చూసే తల రోజూ కొబ్బరినూనెతో నిగనిగలాడటం మొదలైంది. నీరసం కనబడకూడదని మొహానికి పౌడరు. ఇస్త్రీ చొక్కా. యాభై ఏడేళ్ల మనిషి ఉన్నట్టుండి కూర మానేసి, నాలుగు కిలోలు తగ్గి, పౌడరు కొట్టుకుని, అడిగితే ముసిముసిగా నవ్వుతుంటే ఏ ఆఫీసైనా ఏమనుకుంటుంది? అదే అనుకుంది. ఆవిడ ట్రెజరీలో పని చేస్తుందని కూడా తేల్చేశారు.

ఈ వార్త స్త్రీల సమాజం మీటింగులో అత్తయ్యని చేరింది. చెప్పినావిడ కళ్లనీళ్లు పెట్టుకుందట. అత్తయ్య మాత్రం ఇంటికొచ్చి కుర్చీలో కూలబడి, కడుపు పట్టుకుని నవ్వింది. "బస్టాండు దాకా నడవమంటేనే ఆటో పిలుస్తారు. ట్రెజరీ దాకా ఎక్కడ వెళ్తారు?" అంది. మామయ్యకి ఆ పుకారు కంటే ఈ నవ్వే ఎక్కువ బాధ కలిగించిందని నా అనుమానం.

మా బాబాయిది పెంతెకోస్తు సంఘం. "శ్రమల దినాలు బైబిల్లో ఎక్కడున్నాయి బావా?" అని ఆయన ఏటా అడుగుతాడు. ఆయన శుక్రవారం ఉపవాసం మాత్రం తెల్లవారకముందే వాట్సాప్ స్టేటస్‌లో ఉంటుంది, వాక్యంతో సహా, సూర్యోదయం ఫొటో మీద. దాని గురించి మామయ్య ఎప్పుడూ ఏమీ అనలేదు. ఫోను పక్కన పడేసి నిట్టూర్చేవాడు, అంతే.

ఆదివారాలది ఇంకో చిక్కు. ఆదివారం పునరుత్థాన దినం కాబట్టి నలభై రోజుల లెక్కలోకి రాదని పాస్టరు గారు చెప్పారు. మామయ్య దాన్ని మనస్ఫూర్తిగా నమ్మాడు. వారమంతా దొండకాయ తిన్నవాడు ఆదివారం మటన్ కొట్టు ముందు అందరికంటే ముందు నిలబడేవాడు. దాంతో ఇంకో పుకారు పుట్టింది. పాపం ఎక్కడో అప్పుల్లో ఇరుక్కున్నాడనీ, వారానికి ఒక్కరోజే కూర కొనగలుగుతున్నాడనీ. పక్క సీటాయన చాటుగా పిలిచి, పదివేలు సర్దుతానన్నాడు.

అసలు గండం ప్రమోషన్ పార్టీలో వచ్చింది. అది శుక్రవారం. మందు దగ్గర ఏ ఇబ్బందీ రాలేదు. మామయ్య తాగడని పాతికేళ్లుగా అందరికీ తెలుసు, ఆయన ముందుకి కూల్‌డ్రింకు దానంతట అదే వచ్చి కూర్చుంటుంది. తాగనివాడికి మన సమాజంలో ఒక హోదా ఉంది. తిననివాడికి, అందులోనూ నిన్నటిదాకా తిని ఇవాళ తిననంటున్నవాడికి, ఏ హోదా లేదు. పైగా అవతలివాళ్లు శత్రువులు కూడా కాదు. సైతాను వచ్చి తినమంటే పో అవతలికి అనొచ్చు. సూపరింటెండెంట్ గారు స్వయంగా గరిటె పట్టుకుని, ప్రేమగా, "నా మీద కోపమా?" అంటే ఏమంటాం?

"ముక్క వద్దా? సరే. గ్రేవీ వేసుకోండి, ఏం కాదు."

"వద్దండీ."

"పోనీ బిర్యానీలో రైస్ వేసుకోండి. ముక్కలు ఏరేయించాను."

మాంసం తినే మన జనంలో ఒక నమ్మకం ఉంది, ముక్క మాత్రమే మాంసం, పులుసు శాకాహారం అని. మామయ్య పెరుగన్నం తిని లేచాడు. సూపరింటెండెంట్ గారు రెండు రోజులు ముభావంగా ఉన్నారట.

ఆ ఏడాది రంజాన్ నెల మార్చి 2న మొదలైంది, మూడు రోజుల తేడాతో శ్రమల దినాలు. పక్కింటి భాయ్ మార్చి 31న, సోమవారం, పండగ బిర్యానీ గిన్నెతో వచ్చాడు. గిన్నె మూత తీయకముందే వాసన వరండా దాటి హాల్లోకి వచ్చింది. మామయ్య మొహంలో పౌడరు ఒక్కటే స్థిమితంగా ఉంది.

భాయ్ గిన్నె అత్తయ్య చేతికిచ్చి, "ఇది పిల్లాడికి. సార్‌కి మా ఆవిడ షీర్ ఖుర్మా పంపింది, అందులో పాలూ సేమ్యాలే" అన్నాడు.

"నీకెలా తెలుసు?" అన్నాడు మామయ్య.

"నెల్రోజులుగా చూస్తున్నా కదా సార్. సాయంత్రం నాలుగింటికి నేనెలా ఉంటానో మీరూ అలాగే ఉంటున్నారు. నేను నూనె రాసుకోలేదు, అంతే తేడా."

అక్కడితో ఆగితే బాగుండేది. కానీ భాయ్ మంచివాడు. టీకొట్టు దగ్గర ఎవరో ట్రెజరీ ఆవిడ మాట ఎత్తేసరికి ఆయనకి కోపం వచ్చింది. "అబద్ధం. సార్ ఉపవాస దీక్షలో ఉన్నారు. ఎవరికీ చెప్పుకోని మనిషి కాబట్టి మీకు తెలీదు" అని నలుగురిలో గట్టిగా చెప్పాడు. మర్నాటికి ఆఫీసంతా పాకింది. వచ్చినవాళ్లు వచ్చినట్టే చేతులు పట్టుకున్నారు. "ఎంత భక్తి సార్! పైగా చెప్పుకోను కూడా లేదు!" సూపరింటెండెంట్ గారు గరిటె విషయానికి రెండుసార్లు క్షమాపణ చెప్పారు.

మామయ్య ఇంటికొచ్చి బైబిలు తెరిచి కూర్చున్నాడు. మనుషులు చూడాలని చేసేవాళ్ల గురించి అక్కడ స్పష్టంగా ఉంది, 'వారు తమ ఫలము పొందియున్నారు' అని.

"నేను చూపించలేదు కదా. వాళ్లే చూశారు. అప్పుడు కూడా ఫలం అయిపోయినట్టేనా?" అని అడిగాడు.

"అయిపోతే చెప్పండి, రేపు చికెన్ తెప్పిస్తా" అంది అత్తయ్య, కరివేపాకు దూస్తూ.

మామయ్య జవాబు చెప్పలేదు. ఆలోచించాడని మాత్రం నాకు కచ్చితంగా తెలుసు.

శుక్రవారం ఆఫీసులో సన్మానం పెట్టారు. వద్దంటే వినలేదు. గేటు దగ్గర ఫ్లెక్సీ, దాని మీద మామయ్య ఫొటో, కింద 'మౌన ఉపవాస దీక్షాపరులకు శుభాకాంక్షలు' అని పెద్దక్షరాల్లో. శాలువా కప్పారు, పూలదండ వేశారు. ఒకాయన దీక్ష గొప్పతనం గురించి ముప్పావుగంట మాట్లాడాడు. తర్వాత భోజనాలు. మామయ్యకి విడిగా వెజ్ బిర్యానీ తెప్పించారు. ఆయన మొదటి ముద్ద కలుపుతుండగా సూపరింటెండెంట్ గారు వెనకనుంచి వచ్చి, భుజం మీద చెయ్యేసి, చెవి దగ్గర నెమ్మదిగా అన్నారు.

"మరీ పొడిగా ఉన్నట్టుంది సార్. కొంచెం గ్రేవీ వెయ్యమంటారా?"