ఏడో చేపకు ఒక చీకటి గతం కావాలి

హైదరాబాద్‌లో ఏ పెద్ద పుస్తకాల షాపుకైనా వెళ్లి టీనేజీ పిల్లల అర ముందు నిలబడండి. అట్టలన్నీ నలుపు. నలుపు మీద ఒక కిరీటం, కిరీటం మీద ఒక నెత్తుటి చుక్క. లోపలున్నవి మనం చిన్నప్పుడు విన్న కథలే, కాకపోతే వాటికి ఇప్పుడు వయసొచ్చింది. 2014లో వచ్చిన 'డొరొతీ మస్ట్ డై'లో ఓజ్ లోకాన్ని పీడించే నియంత ఎవరనుకున్నారు? పాత ఓజ్ కథలో కుక్కపిల్లతో ఆ మాయలోకంలోకి వచ్చిపడిన చిన్నపిల్ల, ఆ డొరొతీయే. ఆమెను చంపడానికి కాన్సాస్ నుంచి ఇంకో అమ్మాయిని దించుతారు. 2017 నాటి 'లాస్ట్ బాయ్'లో దుర్మార్గుడు ఎప్పటికీ పెద్దవని పిల్లాడు పీటర్ పాన్, మనసు విరిగినవాడు అతని శత్రువైన సముద్రపు దొంగ కెప్టెన్ హుక్.

ఈ ఉద్యమాన్ని నేను పూర్తిగా సమర్థిస్తున్నాను. పాత కథలు మరీ చప్పన. 1911 నాటి అసలు నవలలో, తన దండులోని పిల్లలు పెద్దవుతున్నట్టు కనిపిస్తే పీటర్ వాళ్లని 'పలచన చేస్తాడు'. అంతే. ఎలాగో చెప్పకుండా రచయిత ముందుకెళ్లిపోతాడు. 1900లో ఓజ్ కథ రాసిన బామ్, గుండెకోతలూ పీడకలలూ తీసేశానని ముందుమాటలో చెప్పి, లోపల తగరపు మనిషి చేత నలభై తోడేళ్ల తలలు నరికించాడు. ఆ తగరపు మనిషేమో మంత్రం పెట్టిన గొడ్డలితో తన కాళ్లూ చేతులూ తానే తెగ్గొట్టుకున్నవాడు. ఇంత సౌమ్యంగా ఉంటే ఈ కాలం పిల్లలు చదువుతారా?

మన చందమామ కూడా అంతే. శవాన్ని భుజాన వేసుకుని శ్మశానం కేసి నడిచే రాజుని నెలనెలా ఇంటికి పంపేది. అది చదివి, అన్నం తిని, హాయిగా పడుకునేవాళ్లం. బేతాళుడికి చిన్నప్పుడు ఏం జరిగిందో ఎవరూ చెప్పలేదు మరి. ఇప్పుడైతే మూడు సంపుటాల్లో చెప్తారు. విక్రమార్కుడితో చెప్పుకోలేని అనుబంధం రెండో సంపుటంలో వస్తుంది.

ఇక పాఠకుల సంగతి. మన ఊళ్లో ఇంటర్ చదివే అమ్మాయి తెల్లారకుండా కాలేజీ బస్సెక్కి, స్టడీ అవర్స్ అయ్యాక రాత్రికి దిగుతుంది. వీక్లీ టెస్టులో మార్కులు తగ్గితే సెక్షన్ మారుస్తారు (పీటర్ కూడా ఇంత పద్ధతిగా చేసి ఉండడు). ఆ పిల్లకి నియంతనీ, మనుషుల్ని ఏరిపారేసే పోటీనీ చూపించి ఇదే ఊహాలోకమంటే ఏమంటుంది? 1865 నాటి ఆలిస్ మొదటి వాక్యంలోనే అక్క పక్కన గట్టు మీద కూర్చుని, చేయడానికి పనేం లేదని విసుక్కుంటుంది. పనేం లేదట! మాయలోకమంటే అదీ. గడియారం చూసుకుంటూ ఆలస్యమైపోయిందని పరిగెత్తే కుందేలు మాత్రం మన పిల్లలకి బాగా తెలిసినదే.

అయినా మార్కెట్ మార్కెట్టే. అందుకే ఏడు చేపల కథని యంగ్ అడల్ట్ నవలగా మారుస్తున్నాను. సరుకుంది. ఆరు చేపల చావు గురించి ఇన్ని తరాలుగా ఎవరూ నోరెత్తలేదు. ఏడోది ఎండనంది, అది తిరుగుబాటు. గడ్డిమేటు దానికి అడ్డెందుకు నిలబడిందో పాఠకులే ఊహించుకోవాలి. మేయనన్న ఆవుకి పగ ఉంది. గొల్లవాడికి బువ్వ పెట్టని అవ్వకి ఒక గతం ఉంది.

చీమ దగ్గరే చిక్కొచ్చింది. విలన్‌కి ఒక కారణం తగిలించడమే కదా ఈ తరహా నవలకి ప్రాణం. చీమేమో ఆ పని ఏనాడో తనే ముగించేసింది: నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా? చిన్ననాటి గాయం లేదు, పశ్చాత్తాపం లేదు. దీన్ని నాలుగొందల పేజీలు సాగదీయడమెలా అని తెలిసిన పబ్లిషర్ ఒకాయన్ని అడిగాను.

"చీమకి పదిహేడేళ్లు చేయండి. పుట్టకి వారసురాలిని చేయండి. వేలు పెట్టినవాణ్ణి కాస్త అందగాణ్ణి చేయండి," అన్నారు.

"వాడు ఉయ్యాల్లో పసివాడండీ," అన్నాను.

"అయితే వాడికీ వయసు పెంచండి, సార్."